నోరు కట్టుకున్నది ఎవరి కోసం?

పోయిన వారం మనం ఆవిణ్ణి ఆస్పత్రి మెట్ల మీద వదిలేసి వచ్చాం. చేతిలో స్కానింగ్ రిపోర్టు, మొహం నిండా నవ్వు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేసే ఈ అక్క, పాడైపోతున్న తమ్ముడి కాలేయానికి బదులుగా తన కాలేయంలో ముక్క ఇస్తానని ముందుకొచ్చింది. "ముందు మీ లివరుకి పట్టిన కొవ్వు దిగాలి, ఒళ్ళు తగ్గి రండి" అని డాక్టరమ్మ వెనక్కి పంపింది. అప్పట్నుంచి ఆవిడ ప్రతి ముద్దకీ క్యాలరీలు లెక్కపెట్టుకుంటూ నోరు కట్టుకుని బతుకుతోంది. మొదట్నుంచి చదువుతున్నవాళ్ళకి ఇదంతా తెలిసిందే, ఇప్పుడే చేరినవాళ్ళకి ఈ మాత్రం చాలు. ఆ పొద్దున డాక్టరమ్మ ఊళ్ళో లేదు. స్కానింగ్ చేసినతనే తెర వైపు చూసి, "లివరు శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట మూటగట్టుకుని ఆవిడ తమ్ముడింటికి బయల్దేరింది.

బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అయినా కూర్చోలేదు. కూర్చుంటే బస్సు నెమ్మదిగా పోతుందేమోనన్నంత ఆత్రం. కమ్మీ పట్టుకుని నిలబడింది. క్యాంటీన్ వాళ్ళిచ్చిన తెల్లకోటుకి ఒకప్పుడు బొత్తాలు పెట్టడమంటే యుద్ధం. ఇప్పుడా కోటులో ఇంకో మనిషి దూరొచ్చు.

అంత తేలిగ్గా ఏం కాలేదది. రోజూ రెండు వందల మందికి వండే మనిషిని నోరు కట్టుకోమనడమంటే, చేపని నీళ్ళలోనే ఉంచి తడవొద్దనడం. మొదటి వారం ఆవిడకి ఏం అర్థం కాలేదు. భోజనం సగానికి సగం తగ్గించింది, అయినా తూకం ముల్లు కదలదే! చివరికి దొంగ దొరికాడు. ఉప్పు చూడటం. సూపులో చెంచా, కూరలో చెంచా, బంగాళదుంపల ముద్దలో ఇంకో చెంచా. ఒకరోజు ఆ చెంచాలన్నీ ఫోన్లో క్యాలరీల లెక్కకి ఎక్కిస్తే తెలిసింది, ఉప్పు చూసే వంకతో రోజుకి ఒక పూట భోజనం అదనంగా లాగిస్తోందని. ఆ మర్నాడే చెంచా తీసుకెళ్ళి గిన్నెలు కడిగే ఆవిడ చేతిలో పెట్టేసింది. "ఇక నుంచి ఉప్పూ కారం నీ ధర్మం." గిన్నెలావిడకి ఉప్పు తక్కువ తినడం అలవాటు. "వంటమ్మా, నువ్వు సన్నబడ్డాక మా సూపు కూడా చప్పబడిపోయింది" అని కార్మికులు వేళాకోళం చేసేవాళ్ళు. నవ్వేసేది.

నవ్వు పగటికే. నిన్న గెలిచాం కదా అని ఇవాళ ఆకలి ఊరుకోదు. మళ్ళీ మొదట్నుంచి మొదలెడుతుంది. అలాంటప్పుడు ఆవిడకి ఒకటే మంత్రం, 'ఇది వాడి కోసం.' ఉడికించిన గుడ్డు పగలగొడుతూ అదే, రెండో రొట్టెముక్క వెనక్కి పెడుతూ అదే.

మంత్రం పనిచెయ్యని రోజు కూడా ఒకటి వచ్చింది. ఫోర్‌మన్ రిటైరయిన రోజు. మిగిలిపోయిన కేకు ట్రే సరుకుల గదిలో పెట్టబోయి, తలుపు దగ్గరగా వేసుకుని, నిలబడే తినేసింది. తిన్నంతసేపూ తెలీలేదు. తిన్నాక బస్తాల మధ్య కూలబడి తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చింది.

"ఎన్ని ముక్కలు?" అన్నాడు వాడు.

"లెక్కలేదురా."

"లెక్క ఉంటుంది బొద్దూ." చిన్నప్పట్నుంచి వాడికి ఆవిడ బొద్దే. "అబద్ధమాడకుండా ఫోన్లో ఎక్కించెయ్. ఎక్కిస్తే ఇవాళ్టితో పోతుంది. దాచావంటే రేపు కూడా అదే నడుస్తుంది."

ఎక్కించింది. పోయింది.

ఈ మధ్య ముల్లు వారాల తరబడి ఒకే చోట నిలబడిపోయినప్పుడు కూడా వాడే ఫోన్ చేశాడు. "ఇరుక్కుపోయింది ముల్లు, నువ్వు కాదు. ఒంటికి తెలీకుండా నువ్వు దొంగదెబ్బ తీస్తున్నావని అది మొండికేసింది. దానికంటే నువ్వు మొండిదానివి కాదా ఏంటి?" అన్నాడు. గొంతు నీరసంగా ఉంది. జబ్బు కదా, నీరసంగా ఉండక ఎలా ఉంటుంది అనుకుంది ఆవిడ. మర్నాటి నుంచి ఫ్యాక్టరీకి ఒక స్టాపు ముందే దిగి నడవడం మొదలెట్టింది.

బస్సు దిగింది. తమ్ముడిది రెండో అంతస్తు. ఇదివరకైతే మొదటి మలుపులో ఒకసారి, రెండో మలుపులో ఒకసారి గోడ పట్టుకుని ఆగేది. ఇవాళ ఆగలేదు. పైకొచ్చాక చూసుకుంటే ఊపిరి ఊపిరిలాగే ఉంది. ఈ ముక్క ముందు వాడికి చెప్పాలి అనుకుంటూ గంట నొక్కబోయి, కింద చూసింది.

తలుపు పక్కన మొగుడి బూట్లు.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పనిరోజు, పట్టపగలు, ఈ పాటికి ఊరవతల ఏ బిల్డింగులోనో లిఫ్టు మీద ఉండాలి. బూట్ల పక్కన పనిముట్ల సంచీ కూడా ఉంది. నాకంటే ముందే కబురు తెలిసి, అందరూ కలిసి నన్ను ఏడిపిద్దామని చూస్తున్నారు కాబోలు అనుకుని నవ్వుకుంది పిచ్చితల్లి.

తలుపు మరదలు తీసింది. "రా వదినా" అంది. అని, పక్కకి తప్పుకుంది. అంతే.

తమ్ముడు కిటికీ పక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. చేతులు పుల్లల్లా అయిపోయాయి, పొట్ట మాత్రం కుండలా ఉబ్బింది. షాపుల బోర్డులు రాసే పని వాడిది. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో ఎర్రదో నీలందో రంగు మిగిలే ఉండేది. ఇప్పుడు గోళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. మొగుడు కుర్చీ అంచున కూర్చుని టోపీ చేతుల్లో తిప్పుకుంటున్నాడు.

"వచ్చేసింది!" అని రిపోర్టు గాల్లో ఊపింది ఆవిడ. "కొవ్వు లేదు, గివ్వు లేదు, పసిపిల్ల లివరులా ఉందట. ఊఁ, ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకుందాం? క్యాంటీన్లో సెలవు కూడా చెప్పేశాను. ఏంటి, అందరూ ఎవరో పోయినట్టు మొహాలు పెట్టారు?"

అన్నాక నాలిక కరుచుకుంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కసరలేదు కూడా.

"కూర్చో బొద్దూ" అన్నాడు తమ్ముడు.

"కూర్చోను. ముందు చెప్పు."

"నాకు ఆపరేషన్ చెయ్యరక్కా."

వాడు అక్కా అని పిలిచింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అమ్మ పోయిన రోజు ఒకసారి పిలిచాడు.

"చెయ్యరా? ఎందుకు చెయ్యరు? రిపోర్టు చూడకుండానే ఎలా చెప్తారు వాళ్ళు? చూడు, ఇక్కడ రాశారు..."

"నీ రిపోర్టు కాదు, నాది. లివర్లో గడ్డ పుట్టింది. రక్తనాళంలోకి పాకింది. ఇప్పుడు కొత్త ముక్క పెట్టినా దానిక్కూడా పాకుతుందిట. నీ ఒళ్ళు కోసి కూడా లాభం లేదన్నారు." ఊపిరి తీసుకోడానికి ఆగాడు. "నొప్పి తెలీకుండా మందులిస్తారు. అంతవరకే."

ఆవిడకి మాటలు వినబడుతున్నాయి కానీ లోపలికి దిగట్లేదు. వంటగదిలో కుళాయి కారుతున్న చప్పుడొక్కటే స్పష్టంగా వినిపిస్తోంది.

"ఎప్పుడు చెప్పారు?"

"పోయిన నెల."

ముల్లు ఇరుక్కుపోయిందని వాడు ఫోన్ చేసింది ఆ తరవాతే. ఆ గొంతులో నీరసం జబ్బుది కాదు. చావు కబురు విని వచ్చి, మంచం మీద పడుకుని, వాడు ఆవిడకి ధైర్యం చెప్పాడు.

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

ఆయన టోపీ తిప్పడం ఆపాడు.

"తెలుసా అని అడుగుతున్నాను."

"తెలుసు."

"తెలిసే రోజూ పొద్దున్నే నా రొట్టెముక్క తూచి పెట్టారా? గుడ్డులో పచ్చసొన తీసేసి, ఆపిల్ ముక్కలు కోసి డబ్బాలో సర్ది, 'ఇంకెంత, కొద్దిరోజులే' అని నా చేతికిచ్చారా? మీ చెయ్యి వణకలేదా?"

"వణికింది" అన్నాడాయన. "అందుకే ఒక్కోసారి రెండుసార్లు తూచాల్సొచ్చేది."

దాంతో ఆవిడకి ఒళ్ళు భగ్గుమంది. రిపోర్టు మంచం మీదకి విసిరేసి, గిరుక్కున తిరిగి వంటగదిలోకి వెళ్ళింది. రొట్టె ప్యాకెట్టు చింపింది. చాకు కోసం కూడా చూడకుండా చెంచాతోనే వెన్న తోడి, దాని మీద జామ్ వంపి, ముక్క మీద ముక్క వేసి నోట్లో కుక్కుకుంటూ గదిలోకి వచ్చి, తమ్ముడి మంచం ముందు నిలబడింది. బుగ్గలు ఉబ్బిపోయాయి. కళ్ళలోంచి నీళ్ళు, మూతి పక్కనుంచి జామ్.

"వదినా, వద్దొదినా, ఊపిరాడదు..." అంటూ మరదలు చెయ్యి పట్టుకోబోయింది.

"తిననియ్" అన్నాడు తమ్ముడు.

తింది. తినాలనే తింది. నెలల తరబడి కలలోకి వచ్చిన వెన్న. ఇప్పుడు నాలిక మీద మైనంలా పడి ఉంది. నమిలిన కొద్దీ ముద్ద పెద్దదవుతోంది తప్ప గొంతు దిగట్లేదు. అందరూ చూస్తున్నారు.

"బొద్దూ" అన్నాడు తమ్ముడు మెల్లగా. "వెన్న ఎన్ని చెంచాలో గుర్తుపెట్టుకో. ఎక్కించాలి."

మొగుడి గొంతులోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. నవ్వో ఏడుపో ఆయనకే తెలీదు. ఆవిడకి కూడా నవ్వు తన్నుకొచ్చింది, నోట్లో ముద్దతోనే. పొలమారింది. మరదలు వీపు మీద చరిచి నీళ్ళు తాగించింది. ఆ నీళ్ళతో పాటు నవ్వు అడుగంటిపోయింది. మంచం అంచున కూలబడి ఆ దుప్పట్లో మొహం పెట్టుకుని, చిన్నపిల్లలా, నోరు తెరుచుకుని ఏడ్చింది. వాడు చెయ్యెత్తి తల మీద పెట్టాడు. దూదిలా ఉంది ఆ చెయ్యి, బరువే లేదు.

కాసేపటికి వాడే మొదలెట్టాడు.

"నాన్న గుర్తున్నాడా?"

గుర్తులేకపోవడమేంటి. బాగా లావు మనిషి. నవ్వితే కుర్చీ కిర్రుమనేది. దుంపల సంచీ భుజానేసుకుని మెట్లెక్కుతూ, మలుపులో ఆగి, "ఒక్క నిమిషం ఉండండర్రా" అన్నాడు. అదే ఆఖరి మాట. అప్పటికి ఆయనకి ఇప్పటి ఈవిడ వయసే.

"మొదటిసారి నీ పరీక్షలు చేసినప్పుడు డాక్టరమ్మ నాతో ఒక మాటంది" అన్నాడు తమ్ముడు. "మీ అక్కని ఇలాగే వదిలేస్తే గుండె పోతుంది, గుండె పోకపోతే లివరు పోతుంది అని. నీకు చెప్తే ఏం చేసేదానివి? ఎన్నిసార్లు చెప్పలేదు నీకు? బావ చెప్పాడు, అమ్మ ఉన్నప్పుడు అమ్మ చెప్పింది. 'ఆఁ, పోయేదాన్ని తిని పోతాను' అనేదానివి. నీ కోసం నువ్వెప్పుడూ ఒక ముద్ద తగ్గించుకోలేదు. నా కోసమనేసరికి ఉప్పు చెంచా కూడా వదిలేశావ్."

"అందుకని?"

"అందుకని నేనే చెప్పొద్దన్నాను. బావని ఒట్టేయించాను. దాన్ని కూడా." మరదలి వైపు చూశాడు. "లివరు శుభ్రపడేదాకా ఆగుదాం, నెలో రెణ్ణెల్లో అలవాటు ఒంటికి పట్టేస్తుంది, అప్పుడు తెలిసినా వెనక్కి పడిపోదు అనుకున్నాను. ముందే తెలిస్తే ఆ రోజే చెంచా పట్టుకుంటావని నాకు తెలుసు. నేనెలాగూ పోతాను. పోయేలోగా ఒక్క పనైనా పూర్తి చేద్దామనిపించింది. బోర్డులు రాయడానికి చెయ్యి నిలవట్లేదు. ఇదొక్కటే చేతనైంది."

ఆవిడ తలెత్తింది. కోపం తగ్గలేదు. కాకపోతే అది ఇప్పుడు వేరే చోట నొప్పెడుతోంది.

"నువ్వు నన్ను బతికించావు, సరే. మరి నాకు పోయిన నెలనెవరిస్తారురా? నువ్విక్కడ ఇలా పడుకుని ఉంటే, నేనక్కడ క్యారెట్లు తూచుకుంటూ కూర్చున్నాను. నీ దగ్గరకొస్తే తినమంటారేమో, లెక్క తప్పుతుందేమోనని ఆదివారాలు రావడం కూడా మానేశాను. తెలిస్తే ఉద్యోగం మానేసి నీ కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని కదరా. అది నీ ఇష్టమా? మన ఇద్దరికీ మిగిలిందే అంత, అందులో నెల నువ్వొక్కడివే తీసేసుకున్నావ్!"

వాడు గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. దుప్పటి కింద ఆ చిన్న ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఇన్నాళ్ళ జబ్బులో వాడు ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. మొగుడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, చూడ్డానికి అక్కడేమీ లేకపోయినా, బయటికి చూస్తూ నిలబడ్డాడు.

అక్క వాడి పక్కకి జరిగి, జామ్ అంటిన చేత్తోనే కళ్ళు తుడిచింది. "ఊరుకో. ఇక లెక్కల్లేవు, గిక్కల్లేవు. రేపట్నుంచి ఇక్కడే ఉంటాను."

"లెక్కలు ఆపొద్దు" అన్నాడు వాడు గబుక్కున, గోడ వైపు నుంచే.

"ఇంకా దేనికిరా?"

వాడు ఇటు తిరిగాడు. ఏదో తేల్చుకున్నవాడిలా భార్య వైపు చూసి, "కాస్త టీ పెట్టవూ? బావా, నువ్వెళ్ళి ఆ కుళాయి సంగతి చూడు, రాత్రంతా కారుతూనే ఉంది" అన్నాడు. వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకుని వంటగదిలోకి వెళ్ళారు. తలుపు దగ్గరగా వెయ్యమని అక్కకి సైగ చేశాడు.

"ఒకటుందక్కా. ఇది నీ మరదలిక్కూడా తెలీదు."

ఇంతకంటే ఇంకేముంటుంది?

"నాది పుట్టుకతో వచ్చిన లోపం అన్నారు గుర్తుందా. నీకు లేదు, అది మొదట్లోనే తేలిపోయింది. పిల్లలకి రావచ్చు, మా పాపకి కూడా ఒకసారి పరీక్ష చేయించమన్నారు. స్కూల్లో అడిగారని వాళ్ళమ్మతో అబద్ధం చెప్పి రక్తం తీయించాను. నిన్న వచ్చింది."

"ఏమొచ్చింది?"

దానికీ ఉందన్నట్టు వాడు తలూపాడు.

"చిన్నపిల్లరా అది" అంది ఆవిడ.

"ముందు మందులు వాడి చూద్దామంది డాక్టరమ్మ. చాలామందికి మందులతోనే ఆగిపోతుందిట. ఆగకపోతే..." వాడి చూపు దుప్పటి మీద నలిగి పడున్న రిపోర్టు మీదకి వెళ్ళింది. వెంటనే వెనక్కి లాక్కున్నాడు. ఆ లాక్కోవడం ఆవిడ చూసింది.

ఆవిడ చెయ్యి వాడి చెంప మీదనుంచి దానంతటదే కిందికి దిగింది.

"నిజం చెప్పు. నిన్నే వచ్చిందా?"

"నిన్నే."

"నెల్రోజులు నాతో అబద్ధమాడిన నోరది. ఎలా నమ్మమంటావు? నన్ను సన్నబెట్టింది నా గుండె కోసమేనా? లేకపోతే ఇలా అవుతుందని ముందే తెలిసి, పాప కోసం నన్ను సిద్ధం చేసి పెట్టుకున్నావా? అడిగితే ఇవ్వనా నేను? దానికోసం ఈ దొంగాటెందుకు?"

"మొదట నీ కోసమే అక్కా. నీ మీదొట్టు." వాడు దుప్పటి అంచు పట్టుకున్నాడు. "నిన్నట్నుంచి... నిన్నట్నుంచి ఎవరికోసమో నాకే తెలీట్లేదు."

అంతలో వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. బూట్లు ఒకటి ఇటు, ఒకటి అటు పడ్డాయి. "అత్తొచ్చిందా? అత్త బ్యాగుంది!" అంటూ గది తలుపు తోసుకుని పిల్ల లోపలికొచ్చింది. పుస్తకాల సంచీ వీపు మీదుండగానే వచ్చి అత్తని నడుం చుట్టూ వాటేసుకుంది. ఎప్పుడు వాటేసుకున్నా ఆ చిన్న చేతులు వెనకాల అందుకునేవి కావు. ఇవాళ వేలూ వేలూ ముడిపడ్డాయి.

"అత్తా! కలిశాయి! చేతులు కలిశాయి చూడు! నాన్నా, చూడు!"

అత్త పిల్ల తల మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. ఈ నడుం ఎందుకు తగ్గించుకుందో, ఎవరి కోసం తగ్గించుకుందో, ఆ క్షణాన ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. చేతులు మాత్రం పిల్లని వదల్లేదు.

కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. చేతిలో టీ పళ్ళెం. ఎప్పట్నుంచి నిలబడిందో, టీ మీద అప్పుడే మీగడ కట్టింది. ఆమె ఆడబిడ్డ వైపు చూడలేదు, కూతురి వైపు చూడలేదు. తిన్నగా తన మొగుడి కళ్ళలోకి చూస్తూ, ఎంతో నెమ్మదిగా అడిగింది.

"నిన్న ఏమొచ్చిందండీ?"